మనం తెరవని కేసు

పలాసలో, టెక్కలిలో, ఉద్దానం ఊళ్లలో మలయాళ డిటెక్టివ్ సినిమాలంటే చెవి కోసుకునేవాళ్లం చాలామందిమే ఉన్నాం. సబ్‌టైటిల్సు చదువుకుంటూ అర్ధరాత్రి దాటేదాకా మేలుకుంటాం. సాక్షి మొదటిసారి చెప్పిన టైముకీ రెండోసారి చెప్పిన టైముకీ తేడా ఎందుకొచ్చింది, వాచ్‌మన్ ఆ రాత్రి డ్యూటీకి ఎందుకు రాలేదు అని మర్నాడు టీకొట్టు దగ్గర వాదించుకుంటాం. అనుమానించడం మనకు తెలుసు. ఆధారం అడగడమూ తెలుసు. ఎవరో దర్శకుడు కల్పించిన చావు గురించి ఇంత ఆరా తీసే మనం మన వీధిలో జరిగిన నిజమైన చావుల గురించి ఏం చేశాం? నలభై దాటీ దాటకముందే మనిషి పోతే, "కిడ్నీలు పోయాయట" అన్న ఒక్క ముక్క విని, దినానికి వెళ్లి భోంచేసి వచ్చాం. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ నుయ్యి నీళ్లు తాగాడు, తోటలో ఏ మందు కొట్టాడు, ఒంటినొప్పులకు ఏ బిళ్లలు ఎన్నేళ్లు మింగాడు, అన్నదమ్ముల్లో ఇంకెవరికైనా ఉందా అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇది ఏ ఒక్కరి తప్పో కాదు. చదువుకున్నవాళ్లం, నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లం, కథలో లొసుగు ఇట్టే పట్టగలిగినవాళ్లం కలిసి చేసిన తప్పు.

ఈ అభియోగానికి మొదటి సాక్ష్యం మనం ప్రేమించిన ఆ సినిమాలే. అవి మనకేం నేర్పాయో, మనం ఏం నేర్చుకోలేదో చెప్పాలంటే వాటి దగ్గరే మొదలుపెట్టాలి.

కె.జి. జార్జ్ 1982లో తీసిన 'యవనిక' చూడండి. ఊరూరా తిరిగి నాటకాలాడే ఒక సమాజం. అందులో తబలా వాయించే అయ్యప్పన్ ఉన్నట్టుండి కనిపించకుండా పోతాడు. ఆ పాత్ర వేసినవాడు భరత్ గోపి. అయ్యప్పన్ తాగుబోతు, ఆడవాళ్లను రాచిరంపాన పెట్టేవాడు. అతను తిరిగి రావాలని ఆ సమాజంలో ఎవరికీ లేదు. పోతే పోయాడు, పీడ వదిలిందనుకుని నాటకం ఆడుకోవచ్చు. కానీ మమ్ముట్టి వేసిన జేకబ్ ఈరాళి అనే ఎస్సై వచ్చి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాడు. ప్రతివాళ్లూ తాము చూసిన అయ్యప్పన్‌ని చెబుతారు. ఒకరు చెప్పిన అయ్యప్పన్ ఇంకొకరు చెప్పినవాడిలా ఉండడు. ఆ ముక్కలన్నీ కలిశాకే మనిషి పూర్తిగా కనిపిస్తాడు, అతని చావూ అర్థమవుతుంది. ఎవరికీ అక్కరలేని మనిషి చావుకైనా లెక్క చెప్పాల్సిందేనన్న పట్టుదల ఆ సినిమాకు ప్రాణం.

1988లో కె. మధు దర్శకత్వంలో, ఎస్.ఎన్. స్వామి రచనతో 'ఒరు సీబీఐ డైరీ కురిప్పు' వచ్చింది. నుదుట బొట్టు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే సేతురామ అయ్యర్ అందులోనే పుట్టాడు. ఆయన తుపాకీ దూయడు, ఎవరినీ గాల్లోకి ఎగరెయ్యడు. మేడ మీద నుంచి పడి చనిపోయిన ఇల్లాలిది ఆత్మహత్య అని పోలీసులు తేల్చేస్తే, అయ్యర్ ఒక బొమ్మను తెచ్చి అదే మేడ మీద నుంచి కిందికి వేయించి చూస్తాడు. తనంతట తాను దూకితే ఎక్కడ పడుతుంది, ఎవరైనా విసిరితే ఎక్కడ పడుతుంది అని కొలిపిస్తాడు. సినిమా మొత్తంలో ఉత్కంఠ అంతా ఆ కొలతలోనే ఉంది. మాటతో తేల్చేసిన చావును కొలతతో మళ్లీ తెరవడం ఆయన చేసిన పని. జనం ఆ పాత్రను ఎంతగా నమ్మారంటే 1989, 2004, 2005, 2022లలో మళ్లీ మళ్లీ తెర మీదికి పిలిపించుకున్నారు.

2017లో దిలీశ్ పోతన్ తీసిన 'తొండిముతలుం దృక్సాక్షియుం'లో హత్య కూడా లేదు. బస్సులో ఒక కొత్త పెళ్లికూతురి మెళ్లో గొలుసు పోయింది. దొంగ దాన్ని మింగేశాడు. దొంగ, ఆ దంపతులు, పోలీసులు, అందరూ చిన్న స్టేషన్లో కూర్చుని ఆ గొలుసు బయటికి రావాలని ఎదురుచూడటమే కథ. ఫిర్యాదు ఎలా రాస్తారు, ఏ మాట రాస్తే కోర్టులో నిలుస్తుంది, ఏ మాట రాస్తే పోలీసుకు చిక్కు అన్నవి ఆ స్టేషన్లో కూర్చుని మన కళ్లతో చూస్తాం. 2023లో వచ్చిన 'కన్నూర్ స్క్వాడ్'లో ఏఎస్సై జార్జ్ మార్టిన్ బృందం పాత బండిలో రాష్ట్రాలు దాటి వెళ్తుంది. దారి ఖర్చులకు డబ్బు సరిపోక, పైనుంచి ఒత్తిడి తట్టుకోలేక అలసిపోయి కూడా ఆ నలుగురూ ఆగరు. దర్యాప్తంటే మెరుపులాంటి ఊహ కాదని, అలసట వచ్చినా మానని పని అని ఆ సినిమా చూపిస్తుంది.

కేరళలో జరిగిన అసలు కేసు ఒకటి వీటన్నిటి పక్కన పెట్టి చూడాలి. 1992 మార్చి 27న కొట్టాయంలోని ఒక కాన్వెంటు బావిలో సిస్టర్ అభయ శవం దొరికింది. మొదట ఆత్మహత్య అన్నారు. కేసు సీబీఐకి వెళ్లింది, మూతపడబోయింది, మళ్లీ తెరుచుకుంది. 28 ఏళ్ల తర్వాత, 2020 డిసెంబరులో సీబీఐ కోర్టు ఇద్దరిని దోషులుగా తేల్చింది. 2022లో హైకోర్టు, అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపివేసింది. తుది తీర్పు ఏదైనా, ఆ విచారణలో కీలకమైన సాక్షి అడక్క రాజు అనే దొంగ. ఆ రాత్రి కాన్వెంటు మీదున్న రాగి తీగ దొంగతనానికి వెళ్లి, అక్కడ చూసింది కోర్టులో చెప్పాడు. కొట్టినా, డబ్బు ఆశ చూపినా మాట మార్చలేదు. పరువున్నవాళ్లు ఎందరో మౌనంగా ఉన్నచోట ఒక దొంగ నిలబడ్డాడు. చూసినవాడు చూసింది చెప్పాలన్న బాధ్యతకు కులం, చదువు, హోదా అడ్డు కావని ఆయన్ను చూశాక మనకు అర్థం కావాలి.

మలయాళ డిటెక్టివ్ సినిమా ఇంకో మెట్టు ఎక్కింది. అందులో అన్నిటికన్నా గొప్పవి దర్యాప్తు చేసేవాడి వేలు చివరికి తనవైపే తిరిగే సినిమాలు. 2013లో రోషన్ ఆండ్రూస్ తీసిన 'ముంబై పోలీస్'లో ప్రమాదంలో జ్ఞాపకం పోయిన పోలీసు అధికారి, స్నేహితుడి హత్యకేసును మళ్లీ మొదటినుంచి తవ్వుతాడు. తవ్వేకొద్దీ తనెలాంటి మనిషో తనకే తెలిసొస్తుంది. 2023 నాటి 'ఇరట్ట'లో పోలీసు స్టేషన్లో చనిపోయిన కవల సోదరుడి కేసు రెండో సోదరుడి మీదికి తెచ్చే నిజం చూశాక కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. 2024 నాటి 'కిష్కింధ కాండం'లో విజయరాఘవన్ వేసిన అప్పు పిళ్లై రిటైరైన సైనికుడు. మతిమరుపు ముదురుతోంది. తుపాకీ కనిపించదు, మనవడు కనిపించడు. ఆయన ఎవరికీ చెప్పకుండా తన ఇంట్లో తానే దర్యాప్తు చేస్తాడు. దొరికినదాన్ని కాగితాల మీద రాసుకుంటాడు. నిజం చేతికి అందే సమయానికి ఆ కాగితాలు కాల్చేస్తాడు. తర్వాత మరిచిపోతాడు. కొన్నాళ్లకు మళ్లీ మొదటినుంచి దర్యాప్తు మొదలుపెడతాడు.

ఈ సినిమా చూసి మనం ఎంతో పొగిడాం. మన ప్రాంతంలో పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్లు లేని ఊరు లేదు కాబట్టి అప్పు పిళ్లై మనకు బాగా తెలిసినవాడిలా అనిపించాడు. కానీ ఆయన చేసిన పనే మనం ఊరుమ్మడిగా చేస్తున్నామని గుర్తుపట్టలేదు.

గుర్తుపట్టే చదువు మనకు లేకపోలేదు. 1964లో కాళీపట్నం రామారావు మాస్టారు రాసిన 'యజ్ఞం' శ్రీకాకుళం నేల మీద పుట్టిన విచారణే. సుందరపాలెం పంచాయతీలో అప్పల్రాముడి అప్పు తగువు నడుస్తుంది. పెద్దలు మంచివాళ్లే, న్యాయం తెలిసినవాళ్లే. లెక్కలు తీస్తారు, పాతవి తవ్వుతారు, అందరి మాటా వింటారు. ఆ మర్యాదైన విచారణ ఎక్కడికి తీసుకెళ్తుందో చదివినవాళ్లెవరూ మరిచిపోరు. నేరం ఒక మనిషిలో కాదు, అందరం ఒప్పుకుని నడుపుతున్న పద్ధతిలో ఉందని చెప్పిన కథ మన జిల్లాలోనే పుట్టింది. మాస్టారు కథల కోసమని శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. మనం దాన్ని గర్వంగా చూపించుకున్నాం కానీ ఆ విచారణ పద్ధతిని మన ఊళ్లలో కొనసాగించలేదు.

అంతకుముందు తరం కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టులో కొనుక్కుని చదివింది. వంశీ 1985లో 'అన్వేషణ' తీస్తే ఊపిరి బిగబట్టి చూశాం. ఆ రుచి మనకు కొత్త కాదు. ఆ రుచి మనల్ని ఏ పనికీ పురమాయించకపోవడమే మన లోపం.

ఇక మలయాళ పోలీసు కథే మన గడపకొచ్చిన సంగతి చెప్పాలి. 2021లో మార్టిన్ ప్రక్కాట్ తీసిన 'నాయాట్టు'కు కథ రాసింది షాహీ కబీర్. పోలీసు ఉద్యోగం చేసి వచ్చిన రచయిత ఆయన. ఒక యువకుడి చావు కేసులో ఇరుక్కున్న ముగ్గురు పోలీసులను, ఉప ఎన్నిక దగ్గర పడుతోందని తోటి పోలీసులే వేటాడటం ఆ కథ. దాన్ని తేజ మార్ని 2023 నవంబరులో 'కోటబొమ్మాళి పీఎస్' పేరుతో తెలుగులో తీశారు. శ్రీకాంత్, వరలక్ష్మి శరత్‌కుమార్ నటించారు. టెక్కలి నుంచి కూతవేటు దూరంలో ఉన్న మన కోటబొమ్మాళి పేరు పోస్టర్ల మీద చూసి సంబరపడ్డాం. 'లింగి లింగి లింగిడి' పాటకు పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఆడాం. పాట మనదే, ఆడాల్సిందే. కానీ ఆ కథలో అసలు ముద్దాయి ఎవరు? నిజం తేలడం కన్నా ఓట్లు పడటం ముఖ్యమనుకునే వ్యవస్థ. ఆ ఓట్లు ఎవరివి? మనవి. సినిమా మనవైపు వేలు చూపిస్తుంటే మనం ఆ వేలికి ఉన్న ఉంగరం చూశాం. కేరళలోనైతే 'నాయాట్టు' దళిత సంఘాలను చూపించిన తీరు మీద గట్టి విమర్శే వచ్చింది. అక్కడి ప్రేక్షకులు తమకు నచ్చిన సినిమాను సైతం బోనెక్కించి అడిగారు.

2020 మార్చిలో కరుణ కుమార్ 'పలాస 1978' తీసినప్పుడూ ఇంతే. మన ఊళ్లో కులం ఎవరి చేత ఏ పని చేయించిందో, ఎవరి గొంతు నొక్కిందో ఆ సినిమా పేరుపెట్టి చెప్పింది. మనం మాత్రం ఆ షావుకారు పాత్ర ఎవరిది, ఈ రౌడీ పాత్ర ఎవరిది అని ఊహించుకోవడంలో మునిగిపోయాం. పాత్రల వెనక మనుషులను వెతికాం, మనుషుల వెనకున్న కారణాన్ని వెతకలేదు.

ఇదే అలవాటు మన అసలు కేసు దగ్గర ప్రాణాంతకమైంది.

ఉద్దానమని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పచ్చటి కొబ్బరి తోటలు, జీడితోటలు, పనసచెట్ల మధ్య మూడు దశాబ్దాలకు పైగా మనుషులు కిడ్నీ జబ్బుతో చనిపోతున్నారు. ఇది షుగరు వల్లో బీపీ వల్లో వచ్చే మామూలు కిడ్నీ జబ్బు కాదు. ఏళ్ల తరబడి పైకి ఏమీ తెలియదు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. ఆకలి తగ్గి, కాళ్లు వాచి, ఆయాసం వచ్చి పరీక్ష చేయించేసరికి రెండు కిడ్నీలూ చాలావరకు పాడైపోయి ఉంటాయి. విశాఖ కిడ్నీ వైద్య నిపుణుడు డాక్టర్ రవిరాజు వంటివారు ఏళ్ల తరబడి దీని వెంటపడ్డారు. 2019, 2020లలో అచ్చయిన రెండు అధ్యయనాలు ఉద్దానంలో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని, అందులో ఎక్కువ భాగానికి తెలిసిన కారణమేదీ కనిపించడం లేదని తేల్చాయి. అనుమానితులు చాలామంది ఉన్నారు. ఎండలో ఒళ్లు వంచి పనిచేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడం, భూగర్భ జలాల్లోని సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్లలు, వంశంలో వచ్చే లక్షణం. ఏ ఒక్కటీ నేరస్థుడని రుజువు కాలేదు. కారణం ఒక్కటే కాకపోవచ్చు కూడా.

కేసు తేలకపోవడం మన తప్పు కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేకపోయారు. మన తప్పు వేరే ఉంది. ఈ కేసులో సాక్షులం మనమే. సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది. మనం దాన్ని దాచాం, పారేశాం, లేదంటే రుజువు లేని తీర్పుగా మార్చేశాం.

మొదట దాచిన సంగతి. ఇంట్లో ఒకరికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తెలిస్తే పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని మాట బయటికి పొక్కనివ్వలేదు. ఉద్దానం సంబంధమంటే వెనక్కి తగ్గే ఊళ్లున్నాయని మనకు తెలుసు, ఆ భయం నిజమైనదే. ఆ భయాన్ని ఒక్కో ఇల్లూ ఒంటరిగా మోసింది. కలిసి ఎదుర్కొందామని మనం ఒక్కసారీ అనుకోలేదు. పరీక్షలకు టీములొస్తే జబ్బున్న మనిషిని తోటకు పంపించిన ఇళ్లున్నాయి. డాక్టరు "మీ నాన్నకు ఉండేదా?" అంటే "లేదండి, ఆయన వయసైపోయి పోయాడు" అన్నవాళ్లం ఉన్నాం. ఆ అబద్ధం ఒక ఇంటి పరువు కాపాడిందేమో గానీ, దర్యాప్తులో ఒక తీగ అక్కడే తెగిపోయింది.

తర్వాత పారేసిన సంగతి. డయాలసిస్ చేయించుకునే మనిషి దగ్గర ఒక ప్లాస్టిక్ కవరుంటుంది. అందులో రక్తపరీక్షల కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, మందుల చీటీలు. మొదటిసారి క్రియాటినిన్ ఎంతొచ్చింది, ఆర్నెల్లకు ఎంతయింది, ఎప్పుడు చేతికి ఫిస్టులా వేశారు, ఏ నెలలో మెషీనెక్కాడు, అన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. అంతకన్నా విలువైన కేసు డైరీ ఏ సేతురామ అయ్యర్ దగ్గరా ఉండదు. మనిషి పోయాక ఆ కవరు ఏమైంది? పక్కగుడ్డలతో పాటు తగలబెట్టాం. అప్పు పిళ్లై తన కాగితాలు కాల్చినట్టే, మనమూ ఇంటింటా కాల్చాం. తర్వాత టీము వచ్చి "ఎప్పుడు మొదలైంది?" అంటే, "తుఫాను ముందో తర్వాతో" అన్నాం.

తేదీ లేని జ్ఞాపకం ఎంత బలహీనమో చెప్పిన సినిమా మనలో అందరూ చూసిందే. జీతూ జోసెఫ్ 2013లో తీసిన 'దృశ్యం'ని 2014లో వెంకటేశ్‌తో తెలుగులో తీస్తే థియేటర్లకు కట్టకట్టుకుని వెళ్లాం. అందులో నాయకుడు తన ఇంటివాళ్ల చేత తప్ప ఊళ్లో ఎవరి చేతా అబద్ధం చెప్పించడు. ఒక తేదీని ఊరందరి జ్ఞాపకంలో జరిపేస్తాడు, అంతే. ఊళ్లో సాక్షులంతా నిజాయితీగా తప్పు చెబుతారు. మన ఊళ్లలో చావుల సంగతీ అంతే. ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. రాసిపెట్టుకోలేదు కాబట్టి ఏ అంకె ఎవరు చెప్పినా అదే నిజమైపోయింది. 1969 నాటి చట్టం ప్రకారం ప్రతి చావునూ 21 రోజుల్లో నమోదు చేయించాలి. సర్టిఫికెట్ కావాలంటే వెళ్లాం గానీ, కారణం సరిగా రాశారా అని అడిగినవాళ్లం ఎందరం?

మూడోది, రుజువు లేని తీర్పులు. ఒకడు నీళ్లే అన్నాడు, ఇంకొకడు మందులే అన్నాడు, మరొకడు తిండే అన్నాడు. ప్రతివాడూ హంతకుణ్ణి పట్టేసినంత ధీమాగా చెప్పాం. సినిమాలో ఇలా మాట్లాడే పోలీసును చూస్తే మనకు ఒళ్లు మండుతుంది. నొప్పి బిళ్లలు కిడ్నీలకు మంచివి కావని అందరికీ తెలుసు. అయినా జీడి పిక్కలు ఏరే కాలంలో, కొబ్బరి దింపుల కాలంలో రోజుకు రెండేసి బిళ్లలు మింగినవాళ్లను మనం ఆపలేదు. కొట్లో అమ్ముతున్నవాణ్ణీ అడగలేదు.

నాలుగోది, నాయకుడి కోసం ఎదురుచూపు. పెద్ద పెద్ద నాయకులు వచ్చారు, దీక్షలు చేశారు, సభలు పెట్టారు. వాటి ఫలితం లేకపోలేదు. పలాస, సోంపేట, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలొచ్చాయి. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనిచ్చారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ అప్పుడే ప్రారంభించారు. ఇవన్నీ కావాల్సినవే. కానీ కటౌట్లు కట్టి, పూలు చల్లి, సెల్ఫీలు దిగి వచ్చేసిన మనం, పరిశోధన కేంద్రంలో పరిశోధన ఎంతవరకు వచ్చిందని వెళ్లి అడగలేదు. మనకు ఇంటర్వెల్ దాకా ఓపిక ఉంటుంది, తీర్పు దాకా ఉండదు.

ఇదంతా చెయ్యలేని పని అని మనల్ని మనం నమ్మించుకున్నాం. చేసినవాళ్లున్నారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చి వారాల్లోనే వందలమంది పోయారు. జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంట్లో ఎంతమంది పోయారో రాసుకుని, ఆ ఇళ్లన్నీ ఒక బోరింగు పంపు చుట్టూ ఉన్నాయని చూపించాడు. దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఒకావిడ కలరాతో పోయిందంటే వదల్లేదు. ఆరా తీస్తే, ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమై రోజూ బండి మీద తెప్పించుకునేదని తేలింది. అయితే ఆ కేసు పూర్తి చేసినవాడు వైద్యుడు కాదు. హెన్రీ వైట్‌హెడ్ అనే ఆ పేట పాదిరి. స్నో చెప్పింది తప్పని రుజువు చేద్దామని బయల్దేరి, తనకు తెలిసిన ఇంటింటికీ వెళ్లి మళ్లీ మళ్లీ అడిగి, చివరికి పంపు పక్కింట్లో మొదట జబ్బుపడిన పసిబిడ్డ దగ్గరికి చేరాడు. బయటివాడికి చెప్పని మాటలు జనం ఊరివాడికి చెప్పారు.

మన జబ్బుకు తోబుట్టువులైన ఊళ్లూ ఉన్నాయి. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కోత కూలీలు ఇలాంటి కిడ్నీ జబ్బుతోనే పోయారు. నికరాగువాలో రోగులే ఒక సంఘం పెట్టుకుని, చెరకు కంపెనీకి అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకు విభాగం మీద 2008లో ఫిర్యాదు చేశారు. ఎవరు పరిశోధన చెయ్యాలో ఎంచుకోవడంలోనూ తమ మాట ఉండాలని పట్టుబట్టారు. అలా బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. కారణం పూర్తిగా తేలకపోయినా, కేసు తమదేనని వాళ్లు నిలబడ్డారు. చదువులో, డబ్బులో మనకంటే ఎక్కువవాళ్లేం కాదు. చెరకు కోసే కూలీలు.

లెక్క పెట్టడం మనకు రాదా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడితోటలు నేలకూల్చింది. పరిహారం కోసం చెట్టుచెట్టూ లెక్క పెట్టించాం. పడిపోయిన చెట్టెన్ని, తలవిరిగిన చెట్టెన్ని అని రాయించాం. జాబితాలో పేరు రాకపోతే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగాం, తప్పుడు లెక్క రాసినవాణ్ణి నలుగురిలో నిలదీశాం. అది న్యాయమే. కానీ అదే తోటల్లో పనిచేసి పోయిన మనుషుల లెక్క ఒక్క ఊళ్లోనూ అంత పట్టుగా రాయించలేదు. మన నేరం ఎంత పెద్దదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ తప్పు ఒప్పుకున్నాక పని మొదలవ్వాలి. పెద్ద సంస్థలు, పెద్ద నిధులు అక్కర్లేని పని ఇది. ప్రతి ఊళ్లో ఒక పుస్తకం పెట్టాలి. గత ఇరవై ఏళ్లలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల వయసు, పని, వాడిన నీళ్లు, మందులు, కుటుంబంలో జబ్బున్నవాళ్లు, దొరికిన తేదీలు రాయాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయాలి, బయటికి వెళ్లేచోట పేర్లు తీసేయాలి. హైస్కూలు టీచర్లు, రిటైరైన జవాన్లు, నర్సులు, సచివాలయం ఉద్యోగులు ఈ పని మనకంటే బాగా చేస్తారు, మనం వాళ్ల పక్కన నిలబడాలి. ప్లాస్టిక్ కవర్లు తగలబెట్టకుండా ఆస్పత్రికి అప్పగించాలి. చావు నమోదులో కారణం రాయించాలి. ఏటా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు రెండువైపులా రిపోర్టులు చూపించే అలవాటు చెయ్యాలి. అప్పుడే దాచుకోవాల్సిన అవసరం తప్పుతుంది. సినిమా తీయాలని కలలు కనే మన కుర్రాళ్లు అద్దెకు తెచ్చుకున్న కథలు పక్కన పెట్టి ఈ పుస్తకాలు చదవాలి.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఏళ్ల తరబడి ఎన్నో టీములు మన ఊళ్లకు వచ్చాయి. స్కూలు వరండాలో బల్లలు వేసుకుని మన రక్తం, మూత్రం, బావి నీళ్లు, తోట మట్టి సీసాల్లో పట్టుకెళ్లాయి. ఫలితాలు ఎక్కడో ఇంగ్లిషులో అచ్చయ్యాయి. అవి తెలుగులో మన చేతికి రావాలని మనం ఎప్పుడూ పట్టుబట్టలేదు. వచ్చే గ్రామసభలో పింఛన్లు, రోడ్లు, కాలవల సంగతి ఎత్తేముందు మన సినిమా మిత్రులందరం కలిసి లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగాలి, సమాధానం వచ్చేదాకా కూర్చోకూడదు: పోయినసారి తీసుకెళ్లిన మా రక్తం ఏం చెప్పింది?